వెనక బండి బ్యాటరీ



ఈసారి తిరువళ్ళూరు స్టేషనుకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. తిరుపతి వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగుతుంది. అందరూ కిటికీల్లోంచి సీట్లు వెతుక్కుంటారు. మీరు మాత్రం ఎదుటి ప్లాట్‌ఫారం మీద నిలబడి పెట్టెల కింది భాగం చూడండి. పాత రకం పెట్టె అయితే చక్రాల దగ్గర ఇరుసుకి ఒక పుల్లీ బిగించి ఉంటుంది. దాని మీద నల్లటి బెల్టులు ఉంటాయి. ఆ బెల్టులు ఒక లావుపాటి గుండ్రటి యంత్రాన్ని తిప్పుతాయి. అది ఆల్టర్నేటర్. మన మెకానిక్కులు డైనమో అంటారు. ఇంకాస్త పక్కకి చూస్తే పొడుగాటి ఇనప పెట్టె కనిపిస్తుంది. బ్యాటరీలు అందులో ఉంటాయి.

రైలు పెట్టె తనంతట తాను నడవదు. ముందున్న ఇంజను లాగితే వెనకాల వస్తుంది. అయినా దాని దీపాలు దానివే. దాని ఫ్యాన్లు దానివే. దాని బ్యాటరీ దానిదే. ఆ బ్యాటరీని నింపుకునే ఏర్పాటు కూడా అది తన కిందే కట్టుకుని తిరుగుతుంది.

ఇవాళ చెప్పబోయేది ఇలాంటి బండి గురించే. ఇంకో బండి లాగితే వెనక వచ్చే బండి. దాని బ్యాటరీ దిగిపోకుండా ఎలా చూసుకోవాలి?

ఇది మనకెందుకు అంటారేమో. తిరుత్తణి కొండ కింద కారు ఆగిపోతుంది. తెలిసినవాళ్ళ బండికి తాడు కట్టి తిరువళ్ళూరు దాకా లాగించుకొస్తారు. అప్పుడు మీ కారు వెనక బండి. తిరువాలంగాడు చక్కెర మిల్లుకి రాత్రిపూట చెరకు తోలే ట్రాక్టరు వెనక ట్రక్కు ఉంటుంది. అదీ వెనక బండే. దానికి బ్యాటరీ లేకపోయినా దీపాలు కావాలి. ఇక మన ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన పిల్లలున్నారు. వాళ్ళలో కొందరు సెలవులకి మోటర్‌హోమ్‌లో బయల్దేరతారు. మోటర్‌హోమ్ అంటే బస్సంత ఇల్లు. మంచం, వంటగది, స్నానాల గది అన్నీ అందులోనే ఉంటాయి. దిగిన చోట దాన్ని నిలబెట్టేసి, ఊరు చూడ్డానికి చిన్న కారు ఉంటే బాగుంటుంది కదా. అందుకని సొంత కారుని దాని వెనక ఇనప కడ్డీతో తగిలించి, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతుండగా లాక్కుపోతారు. రోజంతా ప్రయాణం చేసి సాయంత్రం దిగుతారు. కారు తాళం తిప్పితే టిక్కు టిక్కు మంటుంది. సెల్ఫ్ తిరగదు.

వాళ్ళకి ఆశ్చర్యం. కారు రోజంతా రోడ్డు మీదే ఉంది కదా, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి కదా, బ్యాటరీ ఎలా దిగిపోయింది?

ఇక్కడే అసలు సంగతి ఉంది. కారులో డైనమోని తిప్పేది ఇంజను. చక్రాలు కాదు. ఇంజను ఆపేసి, గేరు తీసేసి, బండిని లాగుతున్నారు. చక్రాలు తిరుగుతాయి. ఇంజను తిరగదు. ఇంజను తిరగకపోతే డైనమో తిరగదు. డైనమో తిరగకపోతే బ్యాటరీలోకి ఒక్క చుక్క కరెంటు రాదు. ఇది గుర్తుపెట్టుకోండి. చక్రం తిరిగినంత మాత్రాన కారు బ్యాటరీ నిండదు.

నిండకపోతే పోనీ, ఉన్నది ఉండాలి కదా? ఉండదు. ఎందుకుండదో చూద్దాం.

కారుని లాగేటప్పుడు తాళం తీసేస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది. మలుపులో ముందు చక్రాలు తిరగవు. అందుకని తాళం పెట్టి ఒక మెట్టు తిప్పి ఉంచాలి. ఆ మెట్టులో పాటల పెట్టె, మీటర్లు, సాకెట్లు, లోపలి చిన్నాచితకా కంప్యూటర్లు అన్నీ మేలుకుంటాయి. అవి సుమారు 2 ఆంపియర్లు తాగుతాయి అనుకుందాం. రోడ్డు మీద వెనకవాళ్ళకి తెలియాలని నాలుగు ఇండికేటర్లూ వేస్తారు. ఒక్కో బల్బు 21 వాట్లు. నాలుగింటికి 84. వెలిగి ఆరుతుంటాయి కాబట్టి అందులో సగం లెక్కేసుకోండి, 42 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది మూడున్నర ఆంపియర్లు. రెండూ కలిపితే ఐదున్నర.

చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది ఉంటుంది. అంటే ఒక ఆంపియరు చొప్పున తీసుకుంటే 35 గంటలు ఇస్తుందన్నమాట. అదీ కొత్తగా ఉన్నప్పుడు. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు సుమారు 40 కిలోమీటర్లు. తాడు కట్టి లాగేటప్పుడు మెల్లగా రావాలి. రెండు గంటలు పడుతుంది. రెండు గంటల్లో 11 ఆంపియర్ అవర్లు ఖర్చు. దాదాపు మూడో వంతు. బ్యాటరీకి మూడేళ్ళు నిండి ఉంటే, మన వైపు ఎండలకి అది ముందే నీరసపడి ఉంటుంది. ఆ మూడో వంతు కాస్తా సగం అవుతుంది. దానికి తోడు దారిలో వాచ్‌మన్‌లాగా ఉంటాడని కారులో ఒక కుర్రాడిని కూర్చోబెడతారు. వాడు పాటలు పెట్టుకుంటాడు. సెల్‌ఫోన్ తగిలిస్తాడు.

మోటర్‌హోమ్ వెనక వెళ్ళే కారుకి ఇండికేటర్ల ఖర్చు లేదు. ఆ దీపాలకి కరెంటు ముందు బండి నుంచి వైరు ద్వారా వస్తుంది. కానీ ప్రయాణం రెండు గంటలు కాదు, ఎనిమిది గంటలు. తాళం మెట్టు ఖర్చే 16 ఆంపియర్ అవర్లు. పైగా అక్కడ కారులో బ్రేకు తొక్కే ఒక యంత్రం పెడతారు. ముందు బండి బ్రేకు వేస్తే అది కారులో బ్రేకు పెడల్‌ని నొక్కుతుంది. దానికీ కరెంటు కావాలి. ఘాట్ రోడ్డులో అది మాటిమాటికీ పని చేస్తుంది. ఒకరోజు బండి ఎలాగో స్టార్టవుతుంది. రెండో రోజు మొండికేస్తుంది.

వినేవాళ్ళలో కొందరు అంటారు, దిగిపోతే దిగిపోనీండి, మళ్ళీ చార్జింగ్ పెడితే సరిపోయె అని. అలా కాదండీ. మన బండ్లలో ఉండేవి సీసం బ్యాటరీలు. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ లోపలి పలకల మీద సీసం సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే కరిగిపోతుంది. రోజుల తరబడి ఖాళీగా వదిలేస్తే గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత చార్జి చేసినా ఆ మేరకు బ్యాటరీ పోయినట్టే. కారు బ్యాటరీ ఒక్క క్షణం పెద్ద కరెంటు ఇచ్చి సెల్ఫ్ తిప్పడానికి చేసింది. మెల్లమెల్లగా అడుగంటా ఖాళీ చెయ్యడానికి చేసింది కాదు. మాటిమాటికీ అడుగంటితే దాని ఆయుష్షు బాగా పడిపోతుంది.

ఆడికృత్తిక పండుగకి తిరుత్తణిలో చూడండి. కావళ్ళు మోసుకొచ్చే జనంతో ఊరు నిండిపోతుంది. కొండ కింద వ్యాన్లు వరసగా నిలబడతాయి. ఇంజను ఆపి, రాత్రంతా సుబ్రహ్మణ్యస్వామి పాటలు, లోపల లైట్లు, ఫ్యాను. తెల్లారి పది మంది దిగి వెనక నుంచి తోస్తుంటారు. అవి వెనక బండ్లు కావు, నిలబడ్డ బండ్లు. లెక్క మాత్రం అదే. తీసేది ఉంది, వేసేది లేదు.

సరే, వేసేది ఎలా? రైలు పెట్టె దగ్గరికి మళ్ళీ వెళ్దాం. ఈ ప్రశ్నకి రైలువాళ్ళు నూరేళ్ళకి పైగా జవాబులు వెతుకుతూనే ఉన్నారు. అది కూడా మన దారిలోనే.

దక్షిణ భారతంలో ప్రయాణికుల కోసం వేసిన మొదటి రైలు దారి మనదే. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మొదలైంది. తిరువళ్ళూరు ఆ దారిలోనే ఉంది. ఆ కాలపు రైళ్ళలో రాత్రి వెలుతురంటే నూనె దీపమే. తర్వాత గ్యాసు దీపాలొచ్చాయి. 1890ల్లో ఇంగ్లండులో స్టోన్ అనే కంపెనీ ఇరుసుతో డైనమో తిప్పి, బ్యాటరీ నింపి, పెట్టెలో దీపాలు వెలిగించే పద్ధతి తెచ్చింది. మన పాత పెట్టెల కింద మీరు చూసే బెల్టు ఆ వంశానిదే. పెరంబూరులో ఐసీఎఫ్ కర్మాగారం 1955 అక్టోబరు 2న మొదలైంది. 2018 దాకా అది ఆ రకం పెట్టెలు చేసింది. వాటిలో చాలా వాటికి ఇదే ఏర్పాటు. ఏసీ లేని పెట్టెకి నాలుగున్నర కిలోవాట్ల ఆల్టర్నేటర్, 110 వోల్టుల బ్యాటరీ. ఏసీ పెట్టెకి 25 కిలోవాట్లవి రెండు.

ఈ ఏర్పాటులో మనం నేర్చుకోవలసినవి ఉన్నాయి. రైలు గంటకి సుమారు 20 కిలోమీటర్ల వేగం అందుకున్నాకే ఆల్టర్నేటర్ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. అంతదాకా దీపాలు బ్యాటరీ మీదే. ప్రతి స్టేషన్లో ఆగుతూ, సిగ్నల్ దగ్గర పడిగాపులు పడే ప్యాసింజరులో ఒకప్పుడు దీపాలు మినుకు మినుకుమనేవి, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నడిచిన సేపు తక్కువ, నిలబడ్డ సేపు ఎక్కువ. ఖర్చుకి తగ్గ రాబడి లేదు. బెల్టు తెగిపోయినా అంతే సంగతులు. అందుకే పెట్టె చివర ఇంకో ఏర్పాటు పెట్టారు. పక్క పెట్టె నుంచి వైరు వేసుకుని కరెంటు తెచ్చుకునే టెర్మినళ్ళు. అంటే తన చక్రం ఇవ్వకపోతే పక్కవాడిని అడగడం.

కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో బెల్టులు లేవు. మొదట్లో రైలు చివర్లలో డీజిలు జనరేటరు పెట్టె తగిలించేవారు. స్టేషన్లో నిలబడితే చెవులు చిల్లులు పడే చప్పుడు దానిదే. ఇప్పుడు చాలా రైళ్ళకి ఆ పనీ తప్పింది. పైన కరెంటు తీగ నుంచి ఇంజను తీసుకుంటుంది కదా, అందులోంచే కొంత వెనక పెట్టెలన్నిటికీ లావుపాటి కేబుళ్ళలో పంపిస్తుంది. లాగేవాడే వెనకవాళ్ళకి తిండి కూడా పెడుతున్నాడన్నమాట. ఇక మన తిరుత్తణి లోకల్ సంగతి వేరు. దానికి విడి ఇంజను లేదు. మోటార్లు దాని పెట్టెల కిందే ఉంటాయి. దాన్ని ఈ లెక్కలోకి తీసుకురాకండి.

కాబట్టి వెనక బండికి కరెంటు రావడానికి రైలు రెండు దారులు చూపించింది. ఒకటి, తన చక్రంతో తనే పుట్టించుకోవడం. రెండు, ముందు బండి నుంచి వైరు తెచ్చుకోవడం. వీటికి తోడు మనకి ఇంకొకటి ఉంది, ఎండ.

మొదటి దారి కారుకి కుదురుతుందా? ఇరుసుకి బెల్టు వేసి చిన్న డైనమో తిప్పితే పోలేదా? చెయ్యలేమని కాదు. కానీ రైలు పెట్టె కింద కావలసినంత చోటు ఉంది. కారు కింద ఆ చోటు లేదు. గుంటలో పడ్డప్పుడల్లా చక్రం పైకీ కిందికీ ఊగుతుంది, బెల్టు జారిపోతుంది. నీళ్ళు, బురద. ఇంత అవస్థ పడేకంటే వైరు వేసుకోవడం వెయ్యి రెట్లు నయం. కొందరు కారుని గేరులో పెట్టి లాగితే ఇంజను తిరుగుతుంది కదా అంటారు. ఆ పని మాత్రం చెయ్యకండి. ఇంజనూ గేరుబాక్సూ పాడయ్యే ప్రమాదం ఉంది.

అందుకని రెండో దారి. ముందు బండి బ్యాటరీ నుంచి వెనక బండి బ్యాటరీకి ఒక వైరు. వినడానికి ఇంత తేలిగ్గా ఉంది కదా. చాలామంది ఇక్కడే తప్పుతారు. వైరు వేస్తారు, సన్న వైరు వేస్తారు. బల్బు పెట్టి చూస్తే వెలుగుతుంది. సరే బాగుందనుకుంటారు. సాయంత్రానికి బ్యాటరీ మళ్ళీ ఖాళీ.

బోరు మోటారు ఎంత పెద్దదైనా, చివరి మడి దాకా సన్న గొట్టం వేస్తే ఏమవుతుంది? గొట్టం మొదట్లో నీళ్ళు ఎగజిమ్ముతాయి. చివర్లో కారుతాయి. ఒత్తిడి దారిలోనే పోతుంది. వైరులో కూడా ఒత్తిడి పోతుంది. కరెంటు విషయంలో ఆ ఒత్తిడి పేరు వోల్టేజి.

ఒక్క లెక్క చెబుతాను, మెల్లగా వినండి. ముందు బండి డైనమో 14.2 వోల్టులు ఇస్తోంది. వెనక కారు బ్యాటరీ నిండాలంటే దాని దగ్గరికి 13.8 అయినా చేరాలి. మోటర్‌హోమ్ పొడవు, మధ్యలో ఖాళీ, కారు ముందు భాగం కలిపితే 13 మీటర్లు అనుకోండి. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి. అంటే 26 మీటర్ల వైరు. ఇంట్లో లైట్లకి వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేశారు. 5 ఆంపియర్లు పోతుంటే దారిలోనే ఒకటిన్నర వోల్టు పోతుంది. 14.2లోంచి ఒకటిన్నర తీసేస్తే 12.7. నిండు బ్యాటరీ ఊరికే కూర్చున్నప్పుడు ఉండేదే దాదాపు అంత. అంటే ఆ వైరుతో బ్యాటరీ నిండదు. బల్బు వెలుగుతుంది, బ్యాటరీ నిండదు.

అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వెయ్యండి. పోయేది 0.4 వోల్టు కూడా ఉండదు. 13.8 చేరుతుంది. బ్యాటరీ నిండుతుంది. వైరు లావుగా ఉండాలి. మళ్ళీ చెబుతున్నాను, వైరు లావుగా ఉండాలి. షాపులో సన్న వైరు మీటరుకి తక్కువ పడుతుందని ఆశపడకండి.

తిరిగి వచ్చే దారి సంగతి ఇంకా ముఖ్యం. దీన్ని ఎర్తు అంటాం. ఇది చెరకు ట్రాక్టర్ల వాళ్ళు బాగా వినాలి. చాలామంది వెనక ట్రక్కుకి ఒక్క వైరే వేస్తారు. తిరుగుదారికి ట్రాక్టరు కొక్కేన్నీ ట్రక్కు ముక్కునీ నమ్ముకుంటారు. ఇనుము ఇనుమే కదా అని. ఆ కొక్కెంలో తుప్పు ఉంటుంది, గ్రీజు ఉంటుంది, మట్టి ఉంటుంది. బండి గతుక్కుమన్నప్పుడల్లా అతుకు ఊడుతుంది. వెనక ఎర్ర దీపం ఒకసారి వెలుగుతుంది, ఒకసారి ఆరుతుంది. చీకట్లో చెరకు గుట్ట ఒకటి రోడ్డు మధ్య నిలబడ్డట్టుంటుంది. వెనక వచ్చే మోటార్‌సైకిల్ వాడికి కనపడదు. ఎర్తుకి విడిగా నల్ల వైరు వెయ్యండి. అదీ వెళ్ళే వైరంత లావుదే వెయ్యండి. ట్రక్కు దీపాలకైనా, కారు బ్యాటరీకైనా ఇదే మాట. కొక్కేన్ని నమ్ముకోవద్దు.

ఇక ఫ్యూజు. మామూలుగా వైరుకి ఒక చివర బ్యాటరీ ఉంటుంది, ఇంకో చివర బల్బు ఉంటుంది. బ్యాటరీ వైపు ఒక ఫ్యూజు పెడితే చాలు. ఇక్కడ రెండు చివరలా బ్యాటరీలే ఉన్నాయి. మధ్యలో వైరు ఒరుసుకుని ఇనుముకి తగిలిందనుకోండి. ముందు బ్యాటరీ నుంచి మంట వస్తుంది, వెనక బ్యాటరీ నుంచీ వస్తుంది. ఒక వైపు ఫ్యూజు కాలిపోయినా రెండో వైపు నుంచి కరెంటు పారుతూనే ఉంటుంది. అందుకని రెండు ఫ్యూజులు కావాలి. ఒక్కోటి ఒక్కో బ్యాటరీ పక్కనే, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా. 6 చదరపు మిల్లీమీటర్ల వైరుకి 30 ఆంపియర్లు మించనివ్వకండి. మళ్ళీ మళ్ళీ కాలిపోతుంటే కారణం వెతకండి. సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి పని కానిచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ బండి పక్కన మీ బండి పెట్టకండి.

ఇంకో చిక్కు ఉంది. రాత్రి బండ్లు ఆపేశారు. వైరు తగిలించే ఉంది. ఇప్పుడు రెండు బ్యాటరీలూ ఒకటయ్యాయి. మోటర్‌హోమ్‌లో దీపాలు వేసుకుని కూర్చుంటే కారు బ్యాటరీ కూడా దాంతో పాటు ఖాళీ అవుతుంది. పొద్దున్న ఏ బండీ కదలదు. దీనికి మధ్యలో ఒక రిలే పెడతారు. ముందు బండి ఇంజను తిరుగుతున్నప్పుడే అది రెండిటినీ కలుపుతుంది. ఇంజను ఆగితే విడదీస్తుంది. డయోడు పెట్టినా పని జరుగుతుంది, అది కరెంటుని ఒక వైపుకే పోనిస్తుంది. కానీ మామూలు డయోడు తన కూలీగా 0.7 వోల్టు తినేస్తుంది. ఇందాక మనం దారిలో పోయేది 0.4కి తగ్గించాలని లావు వైరు కొన్నాం. అలా మిగిల్చింది డయోడుకి ధారపొయ్యడం ఎందుకు? రైలు పెట్టెలో కూడా ఆల్టర్నేటరుకీ బ్యాటరీకీ మధ్య డయోడులు ఉంటాయి. రైలు ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు ఎదురు పారకుండా అవే ఆపుతాయి. అక్కడున్నది 110 వోల్టులు, 0.7 పోయినా లెక్కలోకి రాదు. మన 12 వోల్టుల్లో అది చాలా ఎక్కువ.

కొత్త బండ్లలో ఇంకో తిరకాసు వచ్చింది. పెట్రోలు మిగల్చడం కోసం, ముందు బ్యాటరీ నిండగానే డైనమో తనే వోల్టేజి తగ్గించేసుకుంటుంది. అప్పుడు ఎంత లావు వైరు వేసినా వెనక్కి చేరేదేమీ ఉండదు. అలాంటి బండికి వెనక కారు దగ్గర ఒక చిన్న పెట్టె పెట్టుకోవాలి. డీసీ టు డీసీ చార్జరు అంటారు. తనకి 12 వోల్టులొచ్చినా దాన్ని పెంచి బ్యాటరీకి కావలసిన 14 చొప్పున ఇస్తుంది. ఎన్ని ఆంపియర్లు తీసుకోవాలో కూడా అదే అదుపు చేస్తుంది. ఖర్చు ఎక్కువే. నా మటుకు నేను, రోజూ లాగే బండి అయితే అదే పెట్టుకోమంటాను. ఏడాదికి ఒకసారి లాగేవాళ్ళకి రిలే, లావు వైరు చాలు.

ఇక ఎండ. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 100 వాట్ల సోలారు పలక మంచి ఎండలో 5 ఆంపియర్లు ఇస్తుంది. రోజుకి నాలుగు గంటలు గట్టి ఎండ లెక్కేసుకున్నా 20 ఆంపియర్ అవర్లు. ఇందాకటి ఎనిమిది గంటల ప్రయాణంలో తాళం మెట్టు తాగిన 16కి సరిపోతుంది. పలకకీ బ్యాటరీకీ మధ్య కంట్రోలరు తప్పకుండా ఉండాలి. లేకపోతే బ్యాటరీ పొంగుతుంది. పలకని కారు లోపల అద్దం వెనక పెడితే కొంత ఎండ అద్దమే మింగేస్తుంది. టాపు మీద బిగించుకోవాలి. నెలల తరబడి కదలకుండా ఇంటి ముందు పడి ఉండే కారుకైతే 20 వాట్ల పలక కూడా చాలు. పిల్లలు విదేశాల్లో ఉండి, కారు మాత్రం ఇక్కడ గోనెపట్టా కింద నిద్రపోయే ఇళ్ళు మన పట్నంలో ఎన్ని లేవు!

ఖర్చు తగ్గించుకునే దారి కూడా ఉంది. కొన్ని కార్ల పుస్తకాల్లో, బండిని లాగేటప్పుడు ఫలానా ఫ్యూజు తీసెయ్యమని రాసి ఉంటుంది. పాటల పెట్టె, సాకెట్ల ఫ్యూజు అన్నమాట. స్టీరింగు తాళం తెరిచే ఉంటుంది, తాగేవాళ్ళు తగ్గుతారు. డ్రైవరు సీటు పక్క అరలో ఆ పుస్తకం కొన్ననాటి నుంచీ ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది. ఒకసారి తీసి చదవండి.

అదే పుస్తకంలో ఇంకోటి చూడాలి, అసలు మీ బండిని చక్రాల మీద లాగవచ్చా లేదా అని. ఆటోమేటిక్ గేరు బండ్లలో చాలా వాటిని అలా లాగకూడదు. ఇంజను తిరగకపోతే గేరుబాక్సులో నూనె తిరగదు, లోపల కాలిపోతుంది. ఎలక్ట్రిక్ కారుకైతే తాడు కట్టనే వద్దు. దాన్ని లారీ మీదికెక్కించే తీసుకెళ్ళాలి. మామూలు కారుని తాడుతో లాగేటప్పుడు కూడా ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి బ్రేకు గట్టిగా అవుతుంది. మామూలుగా నొక్కితే పడదు, బలంగా తొక్కాలి. స్టీరింగూ బరువెక్కుతుంది. వెనక కారులో కూర్చునేది పాటలు వినే కుర్రాడు కాకుండా, చెయ్యి తిరిగిన డ్రైవరే అయ్యుండాలి.

బ్యాటరీ ఎంత ఉందో తెలుసుకోవడం ఎలా? చిన్న మల్టీమీటరు కొనుక్కోండి, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. ఇంజను ఆపి, రెండు మూడు గంటలు ఆగి కొలవండి. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగం. 12కి దిగితే వెంటనే చార్జి పెట్టాలి. మళ్ళీ చెబుతున్నాను. 12.6 నిండు, 12.2 సగం, 12 అయితే వెంటనే చార్జింగు. ఈ వైరు ఏర్పాటు చేసుకున్నవాళ్ళు ముందు బండి ఇంజను తిరుగుతుండగా వెనక కారు బ్యాటరీ మీద ఇంకోసారి కొలవాలి. అప్పుడు 13.8 అయినా కనిపించాలి. 12.7 దగ్గరే ఆగిపోయిందంటే వైరు సన్నదైనా అయ్యుండాలి, ఎర్తు అయినా సరిగా పడకపోయి ఉండాలి, లేదా రిలే కలవకపోయి ఉండాలి. బ్యాటరీ బాగా ఖాళీగా ఉంటే మాత్రం అరగంట ఆగి చూడండి, మెల్లగా ఎక్కుతుంది.

ఇన్ని చేసినా ఒక్కోసారి బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు పక్క బండి నుంచి కేబుళ్ళు వేసి స్టార్టు చేస్తాం. ఆ వరస ఒకసారి చెప్పి ముగిస్తాను, చాలామంది తప్పు చేసేది అక్కడే. ఎర్ర కేబులు ముందు ఖాళీ బ్యాటరీ ప్లస్‌కి. దాని రెండో చివర మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల కేబులు మంచి బ్యాటరీ మైనస్‌కి. ఆఖరి నల్ల చివర ఖాళీ బ్యాటరీ మీద పెట్టకండి. బ్యాటరీకి దూరంగా, ఖాళీ బ్యాటరీ ఉన్న బండి ఇంజను మీదే రంగు లేని ఇనప భాగానికి తగిలించండి. తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ మూతల దగ్గర హైడ్రోజన్ గ్యాసు ఉంటుంది, అది అంటుకుంటే బ్యాటరీ పేలుతుంది. అందుకే దూరంగా. ఆపైన మంచి బండి ఇంజను స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఆగండి, అప్పుడు ఖాళీ బండి తాళం తిప్పండి. స్టార్టయ్యాక కేబుళ్ళు తీసేటప్పుడు అదే వరస వెనక నుంచి. ఆఖరున పెట్టిన నల్లది మొదట తీసెయ్యాలి. ఇంజను వెంటనే ఆపకండి. అరగంటైనా నడపండి. ఇంటికెళ్ళాక బ్యాటరీని చార్జరు మీద ఒక రాత్రి ఉంచండి.